రైలు కోసం ఆగిన బస్సు

ఈ కథలో ఉన్న బస్సు నా చూపుడువేలంత ఉంటుంది. ఆ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కథ నాలుగడుగులు సాగాక అందులో ఉన్నవాళ్ళెవరికీ అది గుర్తుండదు. చదివేవాళ్ళకైనా గుర్తుంటే మంచిది.

నేను మా జిల్లా మ్యూజియంలో సహాయ పర్యవేక్షకుణ్ణి. పేరు బరువుగా ఉంటుంది గానీ పని తేలికే. పొద్దున తలుపులు తీయడం, రాతి నంది చెవిలో ఎవరైనా చూయింగ్ గమ్ అంటిస్తే గోకి తీయడం, సాయంత్రం తలుపులు వేయడం. ఏళ్ళ తరబడి ప్రభుత్వం మా వైపు కన్నెత్తి చూడలేదు. మేమూ దాని జోలికి పోలేదు. అలా హాయిగా ఉన్న రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. రాష్ట్రమంతటా వారసత్వ వారోత్సవాలట. ప్రతి జిల్లా మ్యూజియమూ ఆ జిల్లాలో కనుమరుగైన జీవన వైభవాన్ని కళ్ళకు కట్టే సజీవ ప్రదర్శన ఒకటి సిద్ధం చెయ్యాలట.

మా డైరెక్టరు మార్తాండరావు గారు మనుషులతో మాట్లాడరు, ప్రసంగిస్తారు. కాఫీ కావాలన్నా "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా ఒక కాఫీ ఆవశ్యకత గోచరిస్తోంది" అంటారు. ఆయన నన్ను పిలిచి, మన జిల్లాలో కనుమరుగైనదేమిటో సత్వరమే గుర్తించి నివేదించమన్నారు. కనుమరుగైనదాన్ని చూపించమంటే ఎక్కడని చూపించను? బల్ల దగ్గర కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే కేశవులు గారు గుర్తొచ్చారు.

కేశవులు గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మ్యూజియం వెనక వీధిలోనే ఇల్లు. ఆ ఇంటికి వెళ్తే హాల్లో కూర్చోడానికి చోటుండదు, ఎందుకంటే హాలు నిండా గుండ్లవాగు స్టేషన్ ఉంటుంది. అసలు గుండ్లవాగు బ్రాంచి లైను ఎప్పుడో ఎత్తేశారు. పట్టాలు పీకేసి, స్టేషన్ పడగొట్టారు. ఇప్పుడక్కడ గడ్డీ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేవు. కేశవులు గారు మాత్రం ఆ స్టేషన్‌ని, తను కొత్తగా ఉద్యోగంలో చేరిననాడు ఎలా ఉందో అలా, ఒక పెద్ద బల్ల మీద మళ్ళీ కట్టుకున్నారు.

కట్టడమంటే అలా ఇలా కాదు. పట్టాల మధ్య కంకర కోసం ఇంటి పెంకులు దంచి టీ వడగట్టే జల్లెడలో జల్లించారు. చెట్లకు ఎండిన తులసి కొమ్మలు తెచ్చి, రంగు వేసిన రంపపు పొట్టు అద్దారు. పెట్టెల కిటికీలకు పాత ఎక్స్‌రే ఫిల్ములు కడిగి కత్తిరించారు. ఇంజను మీద ఉన్న మసి దీపం మీద పట్టిన మసే. స్టేషన్ బయట ఒక లారీ ఉంటుంది, దాని మీద వేరుశనగ బస్తాలు కందిగింజంతవి. అవి ఆయన భార్య విశాలాక్షి గారు పాత పంచె గుడ్డతో కుట్టినవి. పక్కన ఊరి డాక్టరు గారి నల్లకారు. ఆ డాక్టరు గారు ఒకసారి రైలు గేటుకి కారు గుద్దేశారట, అందుకని ఈ కారుకీ ముందు మడ్‌గార్డు మీద సొట్ట పెట్టారు. సొట్ట సరిగ్గా కుదరలేదని మూడు కార్లు పారేశారని విశాలాక్షి గారు నాతో చెప్పి నవ్వారు.

అన్నిటికన్నా ముఖ్యం బస్సు. ముందుకి ముక్కు పొడుచుకొచ్చిన ఆనాటి ఎర్రబస్సు. పౌడరు డబ్బా రేకుతో చేశారు. దాని మీద దుమ్ము మాత్రం అచ్చంగా గుండ్లవాగు దుమ్మే. ఆయన పనిగట్టుకుని అక్కడిదాకా వెళ్ళి, సంచిలో మట్టి తెచ్చి, గుడ్డలో జల్లించి, జిగురునీళ్ళతో బస్సుకి అద్దారు. బల్ల కింద ఒక అయస్కాంతం తిరుగుతూ ఉంటుంది, దాని వెంట పైన బస్సు కదులుతుంది. కానీ రైలు వచ్చేదాకా కదలదు.

గుండ్లవాగులో అదే ఆచారం. ఎక్కడా రాసి లేదు, ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. సాయంత్రం పాసింజరు వచ్చి, దిగినవాళ్ళంతా ఎక్కేదాకా చిట్టచివరి ఊళ్ళకి వెళ్ళే బస్సు స్టేషన్ ముందు ఆగాల్సిందే. డ్రైవరు ఒక కునుకు తీసేవాడు, కండక్టరు పేపరు చదువుకునేవాడు, లోపల కూర్చున్నవాళ్ళు రైలువాళ్ళని తిట్టుకునేవాళ్ళు. విశాలాక్షి గారు అప్పట్లో గుండ్లవాగు బడిలో టీచరు. రోజూ ఆ బస్సులో కూర్చుని, రాని రైలు కోసం ఎదురుచూడలేక విసిగి, ఒకనాడు దిగి ప్లాట్‌ఫారం మీదకి పోయి, రైలు రాగానే చివరి పెట్టెలో ఉన్న గార్డుని పట్టుకుని దులిపేశారు. ఆ గార్డు కేశవులు గారు. మర్నాడూ దులిపారు. కొన్నాళ్ళకి రైలు వేళకి వచ్చిన రోజున కూడా ఆవిడ ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు.

"ఆ బస్సోడు ఒక్కరోజు మమ్మల్ని లెక్కచెయ్యకుండా పోయుంటే నాకు పెళ్ళే లేదండి" అంటారు కేశవులు గారు. బస్సు రెండో కిటికీలో ఆకుపచ్చ చీరతో బియ్యపుగింజంత మనిషి ఒకావిడ ఉంటుంది. చీర నీలం అని ఆయన, ఆకుపచ్చ అని ఆవిడ ఇప్పటికీ పోట్లాడుకుంటారు. రంగు ఆవిడే వేశారు గనక ఆకుపచ్చే ఖాయమైంది.

నేను వెళ్ళి అడిగితే కేశవులు గారు ముందు నీళ్ళు నమిలారు. విశాలాక్షి గారే తేల్చేశారు. "మనింట్లో ఉంటే మనిద్దరమే చూసుకుంటాం. అక్కడైతే ఊరంతా చూస్తుంది. ఇచ్చెయ్యండి" అన్నారు. దాంతో ఆయన ఒప్పుకుని ఒకే ఒక్క షరతు పెట్టారు. రైలు వచ్చేదాకా బస్సు కదలకూడదు.

మార్తాండరావు గారు చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, "దీన్ని మా విధాన నిర్ణయంగా పరిగణించండి" అన్నారు. అప్పుడే నాకు కొంచెం భయమేసింది.

స్టేషన్ వచ్చింది. దాన్ని మా స్టోరు కీపరు నీలాద్రి గారు రిజిస్టరులో ఎక్కించాలి. ఆయన మనిషి మంచివాడే గానీ, కాలమ్ లేని వస్తువుని చూస్తే ఆయనకి చెమటలు పడతాయి. మా రిజిస్టరులో విగ్రహాలకి ఒక కాలమ్ ఉంది, కట్టడాలకి ఉంది, వాహనాలకి ఉంది, పశువులకి కూడా ఉంది. నమూనాలకి లేదు. బొమ్మలకి ఉంది గానీ, బొమ్మ అని రాస్తే అది శిశు సంక్షేమం వాళ్ళకి పోతుంది. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి సాహసం ఎందుకు చేస్తాడు? ఆయన కళ్ళకి ఏది కనిపిస్తే అది రాశారు. రైల్వే స్టేషన్ ఒకటి, ఇంజను ఒకటి, లారీ ఒకటి, కారు ఒకటి. బస్సు ఒకటి. తయారైన సంవత్సరం దగ్గర కేశవులు గారిని అడిగితే ఆయన గర్వంగా పందొమ్మిది వందల అరవై ఒకటి అని చెప్పారు. అదీ రాశారు.

ఆ వివరాలు కంప్యూటరులోకి ఎక్కాయి. కంప్యూటరుకి కళ్ళు లేవు గదా, వెంటనే పనిలోకి దిగింది. ప్రభుత్వ ఆవరణల్లో కాలం చెల్లిన వాహనాలేవీ ఉండకూడదని, ఉంటే తుక్కు కింద మార్చెయ్యాలని ఆ మధ్యే ఒక నిబంధన వచ్చింది. వారం తిరక్కుండానే మ్యూజియం ముందు రవాణా శాఖ జీపు ఆగింది. దాని వెనక, బస్సుని లాక్కుపోవడానికి, కొక్కెం వేలాడుతున్న ఒక పెద్ద బండి ఆగింది.

జీపులోంచి దిగినాయన ఫణీంద్ర గారు, వాహన తనిఖీ అధికారి. ఇస్త్రీ మడత నలగని మనిషి. బస్సు ఎక్కడని అడిగితే నేను గాజు తలుపు తీసి చూపించాను. ఇప్పుడు నవ్వుతాడు, నవ్వి పోతాడు, ఇద్దరం కలిసి టీ తాగుతాం అనుకున్నాను. ఆయన వంగి చూశారు. నిటారుగా నిలబడ్డారు. జేబులోంచి భూతద్దం తీశారు.

"ఇది బొమ్మండీ" అన్నాను.

"వాహన పరిమాణం విషయంలో శాఖ ఎటువంటి పక్షపాతమూ చూపదు" అన్నారాయన.

తనిఖీ గంటసేపు సాగింది. బస్సుకి అత్యవసర ద్వారం లేదు. ప్రథమ చికిత్స పెట్టె లేదు. డ్రైవరు నిద్రపోతున్నాడు, కేశవులు గారు అతన్ని అలాగే చేశారు మరి. పొగ పరీక్ష కోసం వెంట తెచ్చిన గొట్టంలో బస్సే దూరిపోయింది, దాన్ని బయటికి తీయడానికి నేనొక అగరుబత్తి పుల్ల ఇవ్వాల్సొచ్చింది.

కబురు పెడితే కేశవులు గారు ఆదరాబాదరా వచ్చారు. అది తన చేత్తో మొన్న మొన్న చేసిందేనని, పాతది కానే కాదని చెప్పారు. ఫణీంద్ర గారు ఆ మాటకోసమే ఎదురుచూస్తున్నట్టు తలూపారు. పాత బస్సైతే తుక్కు చెయ్యాలి. కొత్త బస్సైతే, లైసెన్సు లేకుండా ఇంట్లో వాహనం తయారుచేసి, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రయాణికులతో నడుపుతున్నందుకు కేసు పెట్టాలి. రెండింట్లో ఏది కావాలో నిర్భయంగా చెప్పమన్నారు. అసలు బస్సే కాదంటే మరీ మంచిది, అప్పుడు రిజిస్టరులో తప్పుడు వివరం రాసిన ఉద్యోగి మీద చర్య ఉంటుంది. ఆ మాట వినగానే తలుపు చాటున ఉన్న నీలాద్రి గారు కేశవులు గారి వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

కేశవులు గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "పాతదే లెండి" అన్నారు.

మరునాడు మార్తాండరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. వారసత్వానికీ నిబంధనలకీ మధ్య ఘర్షణ అనేది కేవలం దృష్టి లోపమని, కాలం చెల్లిన వాహనాల స్థానంలో నిబంధనలకు లోబడిన వాహనాలు ప్రవేశపెడితే గతం మరింత సురక్షితంగా ఉంటుందని సెలవిచ్చారు. అందరూ బల్ల చరిచారు. నేనూ చరిచాను, జీతం తీసుకుంటున్నాను గదా.

ఎర్రబస్సుని ఒక కవరులో పెట్టి, సీలు వేసి, తుక్కు చేసే కేంద్రానికి పంపారు. అక్కడి యంత్రం లారీల్ని అప్పడాల్లా నలిపేస్తుందని చెప్పుకుంటారు. కానీ దాని దవడల సందులోంచి మా బస్సు చెక్కుచెదరకుండా కింద పడిపోయిందట. వాళ్ళు మూడుసార్లు ప్రయత్నించి, విసుగెత్తి, ఈ బస్సు తుక్కు అయిపోయినట్టే భావించడమైనదని, ఇకమీదట ఈ వాహనం ఉనికిలో లేదని ధ్రువపత్రం రాసి, దాన్నీ బస్సునీ కలిపి అదే కవరులో వెనక్కి పంపారు.

తుక్కుని వేలం వెయ్యాలి. వేలానికి కనీసం ముగ్గురు పాటదారులుండాలి. విశాలాక్షి గారు వచ్చారు, భర్తని తెచ్చారు, మూడోవాణ్ణి నేను. మేమిద్దరం కేవలం మర్యాద కోసం ఒక్కో మాట అన్నాక ఆవిడ పాట పాడేసి, బస్సుని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు. ధ్రువపత్రం అడిగి మరీ పట్టుకెళ్ళారు.

దాని స్థానంలో కొత్త బస్సు వచ్చింది. కొలతలతో ఎవరికీ పని లేదు గనక బజారులో దొరికిన ఏసీ బస్సు బొమ్మ ఒకటి కొన్నారు. స్టేషన్ పైకప్పు దాని కిటికీల దాకా వచ్చింది. పక్కన నిలబడిన మనుషులు టైరు కింద పడకుండా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడినట్టుండేవాళ్ళు. ఫణీంద్ర గారు దానికి మాత్రం వెంటనే పర్మిట్టు ఇచ్చారు. ఇస్తూ ఇస్తూ ఒక మాట గుర్తు చేశారు. ఆధునిక బస్సులు ఏ స్టాపులోనైనా నిర్ణీత సమయం మించి ఆగరాదు.

ఆ పూట నడిపి చూసే కార్యక్రమం పెట్టారు. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. కొత్త బస్సు స్టేషన్ ముందుకొచ్చి ఆగింది. మనిషి ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగి, గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. కాసేపటికి బల్ల చివర ఉన్న సొరంగంలోంచి పాసింజరు నింపాదిగా వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడింది. బయట బస్సు లేదు. మార్తాండరావు గారు చప్పట్లు కొట్టారు. కేశవులు గారు చెయ్యి చాపి కరెంటు ఆపేసి స్టూలు మీద కూర్చుండిపోయారు.

విశాలాక్షి గారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఇంక ఇందులో మనం లేమండీ" అన్నారు మెల్లగా. ఆ తర్వాత నా వైపు తిరిగి, మళ్ళీ వేలం ఎప్పుడుందో కనుక్కుని చెప్పమన్నారు.

వేలాలకి కొదవ లేకుండా పోయింది. లారీ పాతది, తుక్కు. డాక్టరు గారి కారు పాతది, పైగా ప్రమాదానికి గురైన వాహనం, తుక్కు. బస్సు దారి చూపించాక మిగతా శాఖలు నిద్రపోతాయా? ఆవిరి ఇంజను బొగ్గు మీద నడుస్తుంది గనక పర్యావరణం వాళ్ళు అభ్యంతరం చెప్పారు. దాన్ని తీసేసి కరెంటు ఇంజను పెట్టారు. కరెంటు ఇంజనుకి పైన తీగలు కావాలి, తీగలకి తులసి కొమ్మల చెట్లు అడ్డం, చెట్లు నరికించారు. ప్రతిదానికీ ఒక ధ్రువపత్రం వచ్చేది, ప్రతి ధ్రువపత్రం వెనకా ఒక వేలం జరిగేది, ప్రతి వేలానికీ విశాలాక్షి గారు సంచి పట్టుకుని వచ్చేవారు. రెండు వేలాల తర్వాత నాకు పాటలో ఎక్కడ తగ్గాలో బాగా అలవాటైపోయింది.

రైలు గేటు దగ్గర పెద్ద చర్చే నడిచింది. కాపలా ఉన్న గేట్లన్నీ ఎత్తేసి వంతెనలు కట్టాలని విధానం. వంతెన కట్టడానికి బల్ల మీద చోటు లేదు. అందుకని గేటు తీసేసి, ప్రజల భద్రత దృష్ట్యా అక్కడ అట్టగోడ కట్టారు. దాంతో ఊరు ఒక పక్క, స్టేషన్ ఒక పక్క అయింది. ప్రయాణికులు స్టేషన్‌కి ఎలా వెళ్తారని నేను అడిగాను. అది ప్రయాణికుల శాఖకు సంబంధించిన విషయమని మార్తాండరావు గారు చెప్పారు. అలాంటి శాఖ ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు.

చివరికి ఒక అధ్యయన సంఘం వచ్చింది. సంఘంలో ముగ్గురు సభ్యులు ఎదురుగా కుర్చీలు వేసుకుని, టీలు తాగుతూ, రోజూ మ్యూజియం తెరిచి ఉన్నంతసేపూ స్టేషన్‌ని గమనించారు. వాళ్ళ నివేదిక నేను చదివాను. ప్లాట్‌ఫారం మీద ఉన్న ప్రయాణికులు అధ్యయనం మొదలైననాటి నుంచి నిలబడినచోటే నిలబడి ఉన్నారని, రైళ్ళు సక్రమంగా వచ్చి వెళ్తున్నప్పటికీ వారిలో ఒక్కరు కూడా ఎక్కలేదని, దీన్నిబట్టి రైలు ప్రయాణం పట్ల స్థానికుల్లో ఆసక్తి పూర్తిగా సన్నగిల్లినట్టు రుజువవుతోందని రాశారు. కాబట్టి గుండ్లవాగు స్టేషన్‌ని మూసివేసి, లైను ఎత్తివేయాలని సిఫారసు చేశారు.

ఎత్తేశారు. పట్టాలు, పెట్టెలు, స్టేషన్, కంకర, ఎన్నాళ్ళుగానో రైలెక్కని ఆ జనం, అంతా చివరి వేలంలోకి వచ్చింది. ఈసారి విశాలాక్షి గారికి సంచి చాల్లేదు, ఆటో మాట్లాడుకున్నారు. నేను ఒళ్ళో స్టేషన్ పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. కేశవులు గారు దారంతా వేళ్ళతో దాని పైకప్పుని తడుముతూ ఉన్నారు.

వారోత్సవం రానే వచ్చింది. ముఖ్య అతిథి గారు తెర లాగారు. లోపల ఒక పెద్ద బల్ల. బల్ల నిండా పచ్చటి గడ్డి గుడ్డ. మధ్యలో నాలుగు తుమ్మకొమ్మలు గుచ్చి, గుండ్లవాగు స్టేషన్ ఒకప్పుడు ఇక్కడ ఉండేది అని ఒక బోర్డు. నా ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవడం ఖాయమనుకున్నాను.

మార్తాండరావు గారు మైకు అందుకున్నారు. కనుమరుగైనదాన్ని చూపించడం ఎవరైనా చేస్తారని, కనుమరుగవడాన్నే చూపించిన మొదటి మ్యూజియం మనదని, ఈ ప్రదర్శన నేటి గుండ్లవాగుతో అంగుళం తేడా లేకుండా సరిపోతుందని, కావలసినవారు వెళ్ళి పోల్చుకోవచ్చని ప్రసంగించారు. ఆ చివరి మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. ముఖ్య అతిథి గారు కళ్ళు తుడుచుకున్నారు. రాష్ట్రస్థాయి ఉత్తమ ప్రదర్శన బహుమతి మాకే వచ్చింది. దాన్నిప్పుడు రాతి నంది పక్కన పెట్టాం.

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ ఎవరో పుణ్యాత్ముడు ఫిర్యాదు చేశాడు. ఫలానా వీధిలో ఫలానా ఇంట్లో, తుక్కు చేయబడిన ఒక బస్సు రోజూ సాయంత్రం తిరుగుతోందని.

ఆ సాయంత్రం నేను కేశవులు గారి ఇంట్లోనే ఉన్నాను. అంతా మళ్ళీ కుదిరింది. నరికిన చెట్లు తిరిగి నిలబడ్డాయి, గేటు వచ్చింది, డాక్టరు గారి కారు సొట్టతో సహా తన చోట్లో ఆగింది. స్టేషన్ ముందు ఎర్రబస్సు నిలబడి ఉంది, రెండో కిటికీలో ఆకుపచ్చ చీర. బయట జీపు చప్పుడైంది. ఫణీంద్ర గారు నోటీసు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. కేశవులు గారి చెయ్యి మీట మీదే ఆగిపోయింది.

విశాలాక్షి గారు ఫణీంద్ర గారికి కుర్చీ వేశారు. నోటీసు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పిల్లల కాపీ పుస్తకం దిద్దినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివారు. తర్వాత లోపలికి వెళ్ళి ధ్రువపత్రం తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"ఈ బస్సు లేదని మీవాళ్ళే రాసిచ్చారు బాబూ. సంతకం ఉంది, ముద్ర ఉంది. లేని బస్సుకి నోటీసు ఎట్లా ఇస్తారు?"

ఫణీంద్ర గారు ధ్రువపత్రం చదివారు. బస్సు వైపు చూశారు. మళ్ళీ ధ్రువపత్రం చదివారు. ఆయన ముఖంలో మొదటిసారి ఒక మడత నలిగింది. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డమనిషి కాడు, కాగితాన్ని నమ్మిన మనిషి. కాగితం లేదంటే ఆయన కళ్ళెదుట ఏనుగు నిలబడినా లేనట్టే. నోటీసు మీద, స్థలంలో వాహనమేదీ కనిపించలేదు అని రాసి, తేదీ వేసి, జేబులో పెట్టుకున్నారు. లేవబోయారు గానీ, విశాలాక్షి గారు అప్పటికే చేతికి కాఫీ ఇచ్చేశారు.

కాఫీ తాగుతూ ఆయన బల్ల వైపే చూస్తున్నారు. చివరికి ఉండబట్టలేక, లేని ఆ బస్సు ఎందుకు కదలడంలేదని అడిగారు.

"రైలు రావాలి గదండీ" అన్నారు కేశవులు గారు.

"ఎప్పుడొస్తుంది?"

"లేటు. ఎప్పుడూ లేటే" అన్నారు విశాలాక్షి గారు భర్త వైపు చూస్తూ. "ఈయన గార్డు మరి."

కేశవులు గారు నవ్వారు. మీట మీద చెయ్యి అలాగే ఉంది గానీ తిప్పలేదు. రైలు సొరంగం అవతల ఎక్కడో ఉంది. బస్సులో డ్రైవరు నిద్రపోతున్నాడు, కండక్టరు పేపరు చదువుకుంటున్నాడు. ఫణీంద్ర గారు కప్పు కింద పెట్టి, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని, సొరంగం నోటి వైపు మెడ సాచి చూశారు. తన చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో కూడా ఇలాగే ఒక బస్సు ఆగేదని, మాకెవరికీ కాకుండా తనకి తనే చెప్పుకున్నట్టు అన్నారు.

బయట జీపు డ్రైవరు హారను కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. మూడోసారికి ఇంజను స్టార్టు చేశాడు. ఫణీంద్ర గారు విసుగ్గా లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి తల బయటికి పెట్టారు.

"ఆగవయ్యా బాబూ," అన్నారు, "ఇంకా రైలు రాలేదు."